కయాక్‌కు లైవ్ బైట్ ట్యాంకు: కూల్ క్యాన్‌తో ఇంట్లోనే చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"పొద్దున్న ఆరింటికి హుషారుగా ఉన్న పరక పిల్లలు తొమ్మిదింటికల్లా తేలిపోతున్నాయి, ఏం చేయాలి?" పరక పిల్లలంటే గాలానికి బతికుండగానే ఎరగా వేసే చిన్న చేపలు. ఎండలు ముదిరాయంటే ఈ ప్రశ్న ఆగకుండా వస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది పెయింట్ బకెట్టులో గాలి బుడగలు వదిలే ఒక బబ్లర్ వేసుకుని కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కుతున్నారు. డిసెంబర్‌లో అది సరిపోతుంది. మార్చి నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల ఏ చెరువులోనూ సరిపోదు.

కారణం నీళ్ల వేడి. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు, 35 దగ్గర ఏడుకు పడిపోతుంది. ఇది సముద్ర మట్టం లెక్క. మన ఊరు 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇంకొంచెం తక్కువే. మరోపక్క నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే ఈ పనిలో పంపు ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. ట్యాంకు వేడెక్కకూడదు, నీళ్లు మారుతూ ఉండాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటి కోసమే.

చేయబోయేది ఇదీ: ఫంక్షన్లకు చల్లటి నీళ్లు తెచ్చే 18 లేదా 20 లీటర్ల కూల్ క్యాన్, అందులో 12 లీటర్ల నీళ్లు, 12 వోల్టుల చిన్న పంపు, యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ (ఆంప్ అవర్) బ్యాటరీ. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిశ్చింతగా నడుస్తుంది. పని ఒక ఆదివారంలో అయిపోతుంది. సిలికాన్ ఆరడానికి మాత్రం ఇంకో రెండు రోజులు వదిలేయాలి.

1. డ్రిల్ చేతికి తీసుకునే ముందు

అనుమతి సంగతి మొదట తేల్చుకోండి. జిల్లాల్లో చాలా చెరువులు మత్స్య సహకార సంఘాల చేతిలో ఉంటాయి. సంఘం పెద్దలతో మాట్లాడకుండా గాలం వేస్తే గొడవ ఖాయం, తప్పు కూడా మనదే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. అడగకుండా అక్కడ కయాక్ దించే ఆలోచన పెట్టుకోవద్దు. మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి, చేపల వేట నిషేధం. వికారాబాద్ దాటాక వచ్చే కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ బాగానే నడుస్తుంది. అయితే తెడ్డు వేయనిచ్చిన చోట గాలం కూడా వేయనిస్తారని లెక్కేసుకోకండి. ఆ రెండూ విడివిడిగా అడగాలి.

తర్వాత బరువు. లీటరు నీళ్లంటే కిలో. 12 లీటర్లంటే 12 కిలోలు, బ్యాటరీ రెండు కిలోల పైచిలుకు, ఆపైన క్యాన్ బరువు. మీ బరువు, గాలాల పెట్టె, తాగే నీళ్లు అన్నీ కలిపి కయాక్ కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువులో 70 శాతం దాటకుండా చూసుకోండి. 12 లీటర్లు మోయలేని చిన్న కయాక్ అయితే ఇదే పద్ధతిలో 10 లీటర్ల క్యాన్‌తో చేసుకోవచ్చు. గాలి నింపే రకం కయాక్ అయితే ట్యాంకు అడుగున మందపాటి రబ్బరు మ్యాట్ తప్పనిసరి.

మూడోది, ఎర సైజు. కొర్రమీను, వాలుగ కోసం వేసే రెండు మూడు అంగుళాల పరక పిల్లలకు ఈ ట్యాంకు సరిపోతుంది. లీటరుకు ఒకటి చొప్పున 12. ఏప్రిల్, మే నెలల్లో సగమే, అంటే ఆరు. "ఆరు చేపలేం సరిపోతాయి" అంటారు. హుషారుగా ఈదే ఆరు, పక్కకు ఒరిగిన ఇరవై కంటే ఎక్కువ కొర్రమీనుల్ని తెస్తాయి.

2. సామాను

- 18 లేదా 20 లీటర్ల కూల్ క్యాన్, గుండ్రంగా, వెడల్పు మూతతో
- 12 వోల్టుల బ్రష్‌లెస్ డీసీ పంపు, గంటకు 240 లీటర్లది, 8 ఎంఎం నోరు
- మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, లోపలి కొలత 8 ఎంఎం, మూడు మీటర్లు
- అర అంగుళం ట్యాంక్ నిపుల్ (ట్యాంకు గోడ కన్నంలో బిగించే, మర ఉన్న పైపు ముక్క), రెండు రబ్బరు వాషర్లతో
- అర అంగుళం పీవీసీ పైపు ఒక మీటరు, చూడీ (మర) ఉన్న ఎల్బోలు రెండు, ఎండ్ క్యాపులు నాలుగు
- పంపు చేయి కోసం ఒక అంగుళం పీవీసీ పైపు ఒకటిన్నర మీటర్లు, ఎల్బోలు రెండు
- 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ, దానికి సరిపడే చార్జర్
- క్లిప్పుల మూత, రబ్బరు రింగు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, బ్యాటరీ పట్టేంత
- ఫ్యూజ్ హోల్డర్, 2 ఆంప్స్ ఫ్యూజులు నాలుగు
- రబ్బరు టోపీ ఉన్న స్విచ్, కేబుల్ గ్లాండ్ (వైరు దూరే చోట నీళ్లు రాకుండా బిగించేది) ఒకటి
- ఎరుపు, నలుపు వైరు, 1 స్క్వేర్ ఎంఎం, చెరి రెండు మీటర్లు
- లోపల గమ్ ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే గొట్టం)
- అక్వేరియం సిలికాన్, టెఫ్లాన్ టేపు, జిప్ టైలు, హోస్ క్లిప్పులు
- సెల్లులతో నడిచే చిన్న ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి)

పైపులు, నిపుళ్లు, క్లిప్పులు రాణిగంజ్‌లో ఒకే వీధిలో దొరుకుతాయి. పంపు, ఫ్యూజ్, స్విచ్, గ్లాండ్, వైర్లకు కోఠి గుజరాతీ గల్లీ. క్యాన్, డబ్బా బేగంబజార్‌లో చూడండి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి కొనే పని శనివారమే ముగించండి.

సిలికాన్ విషయంలో జాగ్రత్త. బాత్రూం టైల్స్‌కు వాడే దాంట్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. చేపలకు అది విషం. ట్యూబు మీద అక్వేరియం అని రాసి ఉంటేనే తీసుకోండి.

పంపు దగ్గర షాపువాళ్లు "సార్, పెద్దది తీసుకోండి" అంటారు. వద్దు. పడవలకు వాడే, గంటకు 500 గ్యాలన్ల పంపు రెండు ఆంప్స్ దాకా లాగుతుంది, 7 ఏహెచ్ బ్యాటరీని రెండు మూడు గంటల్లో పిండేస్తుంది. మనం చెప్పుకున్న చిన్న పంపు 0.4 ఆంప్స్ మాత్రమే తీసుకుంటుంది. పైకెత్తడంలో, పైపులో దాని వేగం గంటకు 150 లీటర్లకు పడిపోయినా 12 లీటర్ల నీళ్లు గంటకు పన్నెండుసార్లు మారతాయి. ఆరు నుంచి ఎనిమిదిసార్లు మారినా చాలు.

3. క్యాన్ ఎంచుకోవడం, కడగడం

గుండ్రటి క్యానే ఎందుకంటే, చేప గోడ పట్టుకుని తిరుగుతుంది. చదరపు డబ్బాలో మూలకు వెళ్లి ముక్కు కొట్టుకుంటుంది. ముక్కు ఎర్రబడ్డ ఎర గంటలో నీరసిస్తుంది.

షాపులోనే మూత తీసి, పిడికిలి బిగించి లోపలికి పెట్టి చూడండి. దూరకపోతే ఆ క్యాన్ వద్దు. చిన్న జల్లెడ వలతో చేప తీయాలంటే ఆ మాత్రం నోరు కావాలి.

ఇంటికి తెచ్చాక సబ్బు ముట్టించకండి. వంట సోడా వేసి రుద్ది కడిగి, నిండా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి పారబోయండి. కొత్త ప్లాస్టిక్ వాసన పోయేదాకా మళ్లీ అదే చేయండి. పాత క్యాన్ అయితే లోపలి గోడకు పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడండి. పగులుంటే రెండు గోడల మధ్య ఫోమ్ నీళ్లు పీల్చుకుంటుంది, ఎన్ని రోజులైనా ఆరదు.

4. ఓవర్‌ఫ్లో: ఇక్కడ తొందరపడొద్దు

ఓవర్‌ఫ్లో అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి. మామూలు బకెట్టుకైతే పైన పక్కకు కన్నం పెట్టి నిపుల్ బిగిస్తారు. కూల్ క్యాన్‌కు రెండు గోడలు. నీటి మట్టం దగ్గర కన్నం పెడితే ఫోమ్‌లోకి నీళ్లు దిగుతాయి. అందుకే క్యాన్‌కు ఉన్న కుళాయి కన్నాన్నే వాడుకుందాం. లోపల నిలబెట్టిన పైపు పైనుంచి నీళ్లు దిగి, కింద కుళాయి కన్నం గుండా బయటికి పోతాయి.

ఎ. కుళాయి విప్పండి. దాన్ని చేతిలో పట్టుకునే నిపుల్ కొనడానికి వెళ్లండి. కుళాయి మర పొడవు కంటే నిపుల్ మర పొడవు తక్కువ ఉండకూడదు, లేకపోతే రెండు గోడల్నీ పట్టదు. అర అంగుళం మర బయటి కొలత సుమారు 21 ఎంఎం. కన్నం చిన్నదైతే గుండ్రటి ఆకురాయితో కొంచెం కొంచెం పెద్దది చేయండి. డ్రిల్‌తో ఒక్కసారిగా పెంచితే గోడ పగిలే ప్రమాదముంది.

బి. లోపల ఒక వాషర్, బయట ఒక వాషర్ వేసి నిపుల్ బిగించండి. చేత్తో బిగించాక స్పానర్‌తో పావు చుట్టు చాలు. వాషర్ అంచు చుట్టూ సమానంగా ఉబ్బితే సరిగా పట్టినట్టు. ఒకపక్కే ఉబ్బితే నిపుల్ వంకరగా కూర్చుంది, విప్పి మళ్లీ బిగించండి.

సి. లోపలి మరకు టెఫ్లాన్ టేపు చుట్టి, ఎల్బోను నోరు పైకి ఉండేలా బిగించండి. బయటి వైపు ఇంకో ఎల్బో, నోరు కిందికి.

డి. ఇప్పుడు మట్టం. లీటరు సీసాతో పన్నెండుసార్లు నీళ్లు పోసి, లోపల మార్కర్‌తో గీత పెట్టండి. క్యాన్ మీద రాసిన కొలతల్ని నమ్మకండి.

ఇ. అర అంగుళం పైపును ఆ గీతకు ఐదు సెంటీమీటర్లు పైదాకా వచ్చేలా కోయండి. గీత ఎత్తు నుంచి పైకి హాక్సాతో నాలుగు సెంటీమీటర్ల నిలువు చీలికలు, చుట్టూ ఎనిమిది పెట్టండి. పైన ఎండ్ క్యాప్. గుర్తుంచుకోండి, చీలిక అడుగంచే మీ నీటి మట్టం. చీలిక కిందికి జారితే మట్టం కూడా జారుతుంది.

ఎఫ్. చీలికల నూగును ఎమరీ పేపర్‌తో పూర్తిగా తీసేయండి. చేప పొట్ట అక్కడే రాసుకుంటుంది.

జి. ఈ పైపును ఎల్బోలోకి నొక్కి పెట్టండి, గమ్ రాయొద్దు. ట్యాంకు ఖాళీ చేయాలంటే పైపు పీకేస్తే చాలు, నీళ్లు కిందినుంచి పోతాయి.

నీళ్లు లోపలికి 8 ఎంఎం దారిలో వస్తున్నాయి, బయటికి అర అంగుళం దారిలో పోతున్నాయి. ఈ తేడా ఎప్పుడూ ఉండాలి. రెండూ ఒకే సైజు పెట్టుకుంటే చీలికలో ఒక్క ఆకు అడ్డం పడ్డా ట్యాంకు పైనుంచి పొంగుతుంది.

5. నీళ్లు లోపలికి వచ్చే దారి

మూతకు కన్నం పెట్టి పైపు దూర్చడం తేలిగ్గా కనిపిస్తుంది. మూత తీసిన ప్రతిసారీ పైపు మెలిపడుతుంది. దానికంటే క్యాన్ మెడ దగ్గర, నీటి మట్టానికి కనీసం మూడు అంగుళాలు పైన, పైపు దూరేంత కన్నం పెట్టి సిలికాన్‌తో మూయండి. అంత పైన నీళ్లు నిలవవు కాబట్టి ఫోమ్ భయం లేదు.

లోపల ఒక జానెడు పీవీసీ ముక్కకు రెండు చివరలా ఎండ్ క్యాపులు వేసి, ఒకవైపు వరసగా 2 ఎంఎం కన్నాలు ఎనిమిది పెట్టండి. ఇది మన షవర్ పైపు. ఒక క్యాపుకు కన్నం పెట్టి లెవెల్ పైపును అందులో దూర్చి సిలికాన్ వేయండి. షవర్ పైపును గోడకు దగ్గరగా, కన్నాలు కాస్త పక్కకు వంగేలా జిప్ టైలతో కట్టండి. నీళ్లు నిదానంగా గుండ్రంగా తిరగాలి. చేపలు ఆ ప్రవాహానికి ఎదురు నిలబడి ఒకే వరసలో ఉంటాయి. వాటిని గిరగిరా తిప్పేస్తుంటే వేగం ఎక్కువైనట్టు, కన్నాల్ని గోడవైపు ఇంకొంచెం తిప్పండి.

షవర్ పైపు నీటి మట్టానికి పైనే ఉండాలి, ఎప్పటికీ. మునిగిందా, పంపు ఆపగానే నీళ్లు వచ్చిన దారినే వెనక్కి చెరువులోకి వెళ్లిపోతాయి. ఈ చిన్న పంపులకు వెనక్కి వెళ్లే నీళ్లను ఆపే వాల్వు ఉండదు. మీరు గాలం మీద ధ్యాసలో ఉండగానే ట్యాంకు ఖాళీ అవుతుంది. పైన ఉంటే పైపులోకి గాలి దూరి ఆ లాగుడు తెగిపోతుంది. పైగా నీళ్లు గాలిలోంచి పడేటప్పుడే ఆక్సిజన్ కలుస్తుంది.

6. పంపు చేయి

పంపును కయాక్ పక్కన నీళ్లలోకి దించే పీవీసీ గొట్టాన్ని చేయి అంటున్నాను. మీ సీటు వెనక ఉన్న రాడ్ హోల్డర్‌లో (గాలం కర్ర నిలబెట్టే గొట్టం) ఇది కూర్చుంటుంది. హోల్డర్ లోపలి కొలత ముందే తీసుకోండి. అంగుళం పైపు వదులుగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి.

హోల్డర్ నుంచి పైకి జానెడు, అక్కడో ఎల్బో, పక్కకు ఇంకో జానెడు, మరో ఎల్బో, అక్కణ్నుంచి కిందికి. పంపు నీటి పైమట్టానికి ఒకటిన్నర నుంచి రెండు అడుగుల లోతులో ఉండాలి. ఎండ పడే పైపొర నీళ్లకంటే అక్కడ చల్లగా ఉంటాయి, నాచు తెట్టె కూడా రాదు. మొదటి ఎల్బోకు గమ్ రాయకుండా వదిలేస్తే, గట్టుకు దగ్గరగా వచ్చినప్పుడు చేయిని పైకి తిప్పుకోవచ్చు.

పంపు చుట్టూ ప్లాస్టిక్ జాలీ సంచి కట్టండి, ఉల్లిగడ్డలు అమ్మే ఎర్ర జాలీ రెండు పొరలైనా చాలు. గుర్రపుడెక్క వేళ్లు, నాచు పంపు నోట్లోకి పోకుండా ఆపుతుంది. చేయికి ఒక తాడు కట్టి కయాక్‌కు ముడేయండి. తుమ్మ కొమ్మకు తగులుకుని చేయి ఊడిపోతే అడుగున వెతుక్కోవాల్సి వస్తుంది.

7. కరెంటు పని

బ్యాటరీ డబ్బా మూతకు స్విచ్, పక్క గోడకు పై అంచు దగ్గర కేబుల్ గ్లాండ్ బిగించండి. వరస ఇలా: బ్యాటరీ ప్లస్, వెంటనే ఫ్యూజ్, తర్వాత స్విచ్, తర్వాత గ్లాండ్ గుండా బయటికి ఎర్ర వైరు. నల్ల వైరు నేరుగా. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు ఎక్కడ ఒరుసుకుపోయి కలిసినా ఆ జానెడు తర్వాత అంతా ఫ్యూజ్ కాపాడుతుంది.

పంపు వైరుతో కలిపే జాయింటు ఎప్పుడూ నీటి మట్టానికి పైన, చేయి మీద జిప్ టైతో కట్టి ఉండాలి. మెలితిప్పి టేపు చుట్టడం ఒక్క ట్రిప్పుకే పనికొస్తుంది. టంకం వేసి, గమ్ ఉన్న హీట్ ష్రింక్ తొడగండి. వేడి చేసినప్పుడు స్లీవ్ రెండు చివర్లా గమ్ చుక్క బయటికి కనిపించాలి. కనిపించకపోతే సందు మిగిలిందని అర్థం, ఇంకో స్లీవ్ వేయండి.

వైరు డబ్బాలోకి వెళ్లే ముందు కిందికి వేలాడేలా ఒక ఉయ్యాల వదలండి. వైరు వెంట జారే నీళ్లు ఆ ఉయ్యాల అడుగునుంచి కింద పడిపోతాయి, డబ్బాలోకి దిగవు.

బ్రష్‌లెస్ పంపుకు ప్లస్, మైనస్ తారుమారు చేస్తే తిరగదు, కొన్ని రకాలు పాడైపోతాయి కూడా. మొదటిసారి కలిపే ముందు మల్టీమీటర్‌తో చూడండి. నీళ్లు లేకుండా పంపును పరీక్షించకండి. దాన్ని చల్లబరిచేదీ, దాని ఇరుసుకు నూనెలా పనిచేసేదీ ఆ నీళ్లే.

లెక్క చూస్తే 7 ఏహెచ్‌ను 0.4తో భాగిస్తే పదిహేడున్నర గంటలు వస్తుంది. ఈ రకం బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి ఎనిమిది గంటలు అనుకోండి. నిండుగా ఉండి కాసేపు ఊరికే ఉన్న బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తుంది, 12.2 దగ్గరికొస్తే సగం అయిపోయినట్టు. చార్జింగ్ పెట్టేటప్పుడు డబ్బా మూత తీసే ఉంచండి, గ్యాస్ రావచ్చు.

పవర్ బ్యాంకు, యూఎస్‌బీ ఎయిర్ పంపు చాలదా అని చాలామంది అడుగుతున్నారు. గాలి ఇస్తుంది, నీళ్లు మార్చదు. చేప వదిలే అమోనియా అలాగే పేరుకుంటుంది. పైగా చాలా పవర్ బ్యాంకులు లోడు మరీ తక్కువైతే వాటంతటవే ఆగిపోతాయి. దాన్ని స్టెప్నీగా ఉంచుకోండి.

8. ఇంట్లో పరీక్ష

సిలికాన్ 48 గంటలు ఆరాక, వెనిగర్ వాసన పూర్తిగా పోయాక మొదలుపెట్టండి. బాత్రూంలో పెద్ద టబ్బు నింపి, క్యాన్‌ను దానికి అడుగున్నర పైన, స్టూలు మీద పెట్టండి. పంపు టబ్బులో, ఓవర్‌ఫ్లో పైపు మళ్లీ టబ్బులోకి.

- లీటరు సీసా నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోంది? 24 సెకన్లయితే గంటకు 150 లీటర్లు. 40 సెకన్లు దాటితే పైపు ఎక్కడో మడతపడింది.
- మట్టం గీత దగ్గరే నిలబడుతోందా?
- స్విచ్ ఆపి పావుగంట చూడండి. మట్టం దిగకూడదు.
- క్యాన్‌ను ముందుకు, పక్కకు ఊపండి. నిపుల్ దగ్గర టిష్యూ కాగితం అద్దితే తడవకూడదు.
- రెండు గంటలు ఆగకుండా నడిపి బ్యాటరీ వోల్టేజీ చూడండి, జాయింట్లు వేడెక్కాయేమో తాకి చూడండి.
- చివరగా అరచేతితో రెండు చీలికలు మూసి, మిగతావి నీళ్లను మోస్తున్నాయో లేదో చూడండి.

9. ఎర: కొన్న చోటి నుంచి చెరువు దాకా

ఏ చెరువులో వేస్తారో ఆ చెరువు చేపే ఎరగా వాడండి. స్థానిక జాలరుల్ని ముందురోజు ఫోన్‌లో అడిగితే పరకలు పట్టి ఉంచుతారు. ఒక చెరువు చేపను ఇంకో చెరువుకు మోసుకెళ్తే రోగాలు, పేను కూడా వెంట వెళ్తాయి. అక్వేరియం గోల్డ్‌ఫిష్ వద్దు. ఎరగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు ఇస్తామంటే అసలే వద్దు, దేశంలో దాని పెంపకమే నిషేధం. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్న బొచ్చె, రవ్వ పిల్లల మీద జాలరుల బతుకు ఆధారపడి ఉంది. వలలో పడితే వెంటనే వదిలేయండి.

ఇంటి నుంచే తీసుకెళ్లక తప్పదంటే నీళ్ల సంగతి చూసుకోవాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మొప్పల్ని కాల్చేస్తుంది. అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు మూత లేకుండా వదిలేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ కూడా తక్కువే ఉంటుంది, కొన్ని గంటలు గాలి పట్టించాకే వాడాలి.

ముందురోజు ఎరకు మేత ఆపేయండి. కడుపు ఖాళీగా ఉన్న చేప ట్యాంకును తక్కువ పాడు చేస్తుంది. కారు ప్రయాణానికి లీటరుకు రెండు గ్రాముల చొప్పున దొడ్డు ఉప్పు కరిగించి పోస్తే ఒత్తిడి తట్టుకుంటాయి, 12 లీటర్లకు 24 గ్రాములు. పసుపు వేస్తే మంచిదా అని అడగకండి, వేయొద్దు.

వేడి నెలల్లో అర లీటరు నీళ్ల సీసాను గడ్డకట్టించి, మూత బిగించే క్యాన్‌లో పెట్టండి. అది పూర్తిగా కరిగితే 12 లీటర్ల నీళ్లు సుమారు మూడు డిగ్రీలు చల్లబడతాయి. అంతకు మించి చల్లబరచొద్దు, గాలం మీద వేడి నీళ్లలో పడగానే చేప బిగుసుకుపోతుంది. విడి ఐసు ముక్కలు వేయకండి, అందులోనూ నల్లా నీళ్లే.

కారులో ఓవర్‌ఫ్లో బయటి నోటికి ఎండ్ క్యాప్ తొడగండి, లేకపోతే స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ సీటు తడుస్తుంది. చెరువు దగ్గర ఆ క్యాప్ తీయడం మర్చిపోకండి. క్యాప్‌కు ఎర్ర రిబ్బను కట్టుకుంటే కంటపడుతుంది.

10. కయాక్ మీద అమరిక

క్యాన్ సీటు వెనక, మధ్య గీత మీద, వీలైనంత కిందికి. బ్యాటరీ డబ్బాను మీ కాళ్ల వైపు పెడితే బరువు రెండువైపులా పంచుకుంటుంది. బైకులకు వాడే లగేజీ రబ్బరు తాళ్లు రెండు, క్యాన్ మెడ మీదుగా అడ్డంగా, నిలువుగా. ఓవర్‌ఫ్లో నీళ్లు డెక్ మీద పడితే పడనివ్వండి, స్కప్పర్ కన్నాల గుండా అవే పోతాయి. ఆ కన్నాలకు బిరడాలు వేసి ఉంటే తీసేయండి.

క్యాన్‌ను గట్టు మీద నింపి మోయొద్దు. ఎర చెరువు దగ్గరే తీసుకుంటున్నట్టయితే ఖాళీ క్యాన్‌తో నీళ్లలోకి దిగి పంపు ఆన్ చేస్తే ఐదు నిమిషాల్లో నిండుతుంది. ఎర వెంట తెచ్చుకుంటే నాలుగైదు లీటర్లతో ఎక్కించి, మిగతాది పంపుతో నింపండి. చెరువు నీళ్లు నెమ్మదిగా కలవడం వల్ల చేపలకు వేడి తేడా కూడా అలవాటవుతుంది.

మొదటిసారి నడుము లోతులోనే పది నిమిషాలు అటూ ఇటూ ఊగి చూడండి. సగం నిండిన ట్యాంకు నీళ్లు ఒకవైపు దొర్లి కయాక్‌ను కూడా లాగుతాయి, గీత దాకా నిండితే ఆ ఊపు తగ్గుతుంది. లైఫ్ జాకెట్ వేసుకునే కూర్చోండి, ట్యాంకు మీద కప్పడానికి కాదు.

11. నీళ్ల మీద ఉన్నప్పుడు

పచ్చగా ఉండే చెరువుల్లో ఒక తిరకాసుంది. రాత్రంతా నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది, తెల్లవారుజామున నీళ్లలో అది అన్నింటికంటే తక్కువ. మనం గాలం వేసేదీ అప్పుడే. కాబట్టి మొదటి రెండు గంటలు పంపుతో పాటు ఎయిర్ స్టోన్ కూడా నడపండి. ఎండెక్కాక నాచే ఆక్సిజన్ ఇస్తుంది, అప్పుడు ఎయిర్ పంపు ఆపేయొచ్చు.

చేప తీసేటప్పుడు చిన్న వలే వాడండి. దోమల క్రీమ్, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులు ట్యాంకులో పెట్టొద్దు. గాలం నుంచి తీసిన, దెబ్బ తగిలిన ఎరను మళ్లీ ట్యాంకులో వేయకండి. చచ్చిన చేప కనిపిస్తే అప్పుడే తీసేయండి, ఒక్కటి కుళ్లితే చాలు.

12. తేడా వస్తే

- చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి: ఆక్సిజన్ తక్కువైంది. ఎయిర్ స్టోన్ వేయండి, సంఖ్య తగ్గించండి.
- పంపు శబ్దం ఉంది, నీళ్లు రావట్లేదు: లోపల గాలి బుడగ ఇరుక్కుంది. చేయిని నీళ్లలోనే రెండుసార్లు తిప్పి ఊపండి.
- నీళ్లు సన్నగా వస్తున్నాయి: ముందు జాలీ, తర్వాత షవర్ కన్నాలు. అగ్గిపుల్ల చాలు.
- మట్టం గీత దాటి పెరుగుతోంది: బయటి క్యాప్ తీయలేదు, లేదా చీలికల్లో పొలుసులు అడ్డుపడ్డాయి.
- పంపు ఆపితే ట్యాంకు ఖాళీ అవుతోంది: షవర్ పైపు మునిగింది. నిలబెట్టిన పైపు వదులైనా ఇంతే.
- ఫ్యూజ్ పదేపదే పోతోంది: పెద్ద ఫ్యూజ్ వేయకండి. జాయింట్లో నీళ్లు చేరాయి, లేదా పంపులో ఏదో ఇరుక్కుంది.
- పొలుసులు ఊడుతున్నాయి: కిక్కిరిసిపోయాయి, లేదా చీలికలకు నూగు మిగిలింది.
- నీళ్లు నురగ కడుతున్నాయి: అమోనియా, జిగురు. నిలబెట్టిన పైపు పీకి మూడొంతులు దింపి, మళ్లీ నింపండి.

13. ఇంటికొచ్చాక

మిగిలిన ఎర అదే చెరువుదైతే అక్కడే వదలండి. వేరేచోటుదైతే ఇంటికే తేవాలి, చెరువులో పోయకూడదు. ట్యాంకు నీళ్లు కూడా గట్టు మీద, చెరువులోకి తిరిగి పారని చోట పారబోయండి.

పంపును మంచినీళ్లలో ఐదు నిమిషాలు నడపండి. ముందు కప్పు తిప్పితే ఊడివస్తుంది, లోపలి చక్రం చుట్టూ చుట్టుకున్న నాచు, వెంట్రుకలు తీసేయండి. క్యాన్‌ను వంట సోడాతో కడిగి, మూత తీసి నీడలో బోర్లించండి. జాలీ, పైపు, వల పూర్తిగా ఎండాకే ఇంకో చెరువుకు తీసుకెళ్లాలి.

బ్యాటరీని ఆ రాత్రే చార్జింగ్ పెట్టండి. వానాకాలమంతా వాడకపోయినా నెలకోసారి నింపుతూ ఉండండి. సగం చార్జితో మూలన పడేస్తే వచ్చే సీజన్‌కు కొత్తది కొనాల్సిందే.